నాన్నగారి క్రోమ్‌లో రిమూవ్ బటన్ లేని ఎక్స్‌టెన్షన్, నా అనుభవం

మా నాన్నగారి డెస్క్‌టాప్‌లో క్రోమ్ తెరిచి ఏం వెతికినా గూగుల్‌కి పోకుండా ఎప్పుడూ పేరు వినని ఏదో సెర్చ్ పేజీకి పోతోంది, సెట్టింగ్స్‌లో మార్చినా మళ్ళీ మామూలే. మెనూ మూడు చుక్కలు నొక్కితే అడుగున "మేనేజ్డ్ బై యువర్ ఆర్గనైజేషన్" అని ఉంది. రిటైరై ఇంట్లో ఉన్న మనిషి కంప్యూటర్‌కి ఆర్గనైజేషన్ ఏంటండీ! ఆఫీసు లాప్‌టాప్‌లో ఆ మాట మామూలే, కొన్ని యాంటీవైరస్‌ల వల్ల కూడా వస్తుంది, ఆ రెండూ కాకపోతే మాత్రం అనుమానించాల్సిందే. ఎక్స్‌టెన్షన్స్ పేజీలో, అంటే క్రోమ్‌కి అదనంగా తగిలించుకునే చిన్న ప్రోగ్రామ్‌ల లిస్టులో, చూస్తే పీడీఎఫ్ అని పేరు పెట్టుకుని ఒకటి కూర్చుంది, దానికి రిమూవ్ బటనే లేదు, ఆఫ్ చేద్దామంటే స్విచ్ కదలట్లేదు.

"ఇదెక్కడిది నాన్నా" అంటే "ఫ్లాష్ ప్లేయర్ అప్‌డేట్ చెయ్యమని వచ్చింది రా, చేశా" అన్నారు. వెబ్ పేజీల్లో వీడియోలు, ఆటలు ఆడించే ఆ ఫ్లాష్‌ని అడోబీ వాళ్ళు 2020 డిసెంబర్ 31తో ఆపేశారు, 2021 జనవరి 12 నుంచి పాత ప్లేయర్లలో కూడా ఆడకుండా చేశారు, కాబట్టి ఇప్పుడు ఫ్లాష్ అప్‌డేట్ అని ఏ పేజీ అడిగినా అది దొంగదే. జావా, సిల్వర్‌లైట్ లాంటి, బ్రౌజర్‌కి విడిగా వేసుకునే పాత ప్లగిన్లని కూడా క్రోమ్ 2015లోనే ఎత్తేసింది, ఫైర్‌ఫాక్స్ 2017లో ఎత్తేసింది. అయినా ఆయన్ని అనడానికి లేదు, ఆయన కంప్యూటర్ నేర్చుకున్న రోజుల్లో ప్రతి సైటూ ఏదో ఒక ప్లగిన్ అడిగేది, వేసుకోకపోతే వీడియో కూడా ఆడేది కాదు.

ఇక తియ్యడం. అడ్రస్ బార్‌లో క్రోమ్ అని కొట్టి, కోలన్, రెండు స్లాష్‌లు, పాలసీ అని కొడితే క్రోమ్ మీద బయటినుంచి పెట్టిన రూల్స్ పట్టిక వస్తుంది. అందులో ఎక్స్‌టెన్షన్ ఇన్‌స్టాల్ ఫోర్స్‌లిస్ట్, అంటే బలవంతంగా వేయించే ఎక్స్‌టెన్షన్ల లిస్టు, అనే వరస ఉంది, దాని ఎదురుగా అర్థం పర్థం లేని 32 అక్షరాల ఐడీ. ఎక్స్‌టెన్షన్స్ పేజీలో డెవలపర్ మోడ్ ఆన్ చేస్తే ప్రతిదాని కిందా దాని ఐడీ కనపడుతుంది, రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే అదే ఇది. అది రాసుంది క్రోమ్ లోపల కాదు, విండోస్ తన సెట్టింగ్స్ దాచుకునే రిజిస్ట్రీలో, అందుకే క్రోమ్ అన్‌ఇన్‌స్టాల్ చేసి మళ్ళీ వేసినా పోదు.

ఇక్కడ వరస ముఖ్యం. రిజిస్ట్రీ ఒక్కటే శుభ్రం చేస్తే, దాన్ని అక్కడ రాసిన ప్రోగ్రామ్ మళ్ళీ రాసేస్తుంది. అందుకని ముందు విండోస్ సెట్టింగ్స్‌లో యాప్స్ లిస్టుని ఇన్‌స్టాల్ తేదీ ప్రకారం పేర్చి, ఆ "అప్‌డేట్" రోజే దిగిన తెలియని ప్రోగ్రామ్‌ని తీసేశా, వేళకి ప్రోగ్రామ్‌లని వాటంతటవే నడిపించే టాస్క్ షెడ్యూలర్‌లో అదే పేరుతో ఉన్న టాస్క్ కూడా. ఆ తర్వాతే క్రోమ్ మూసేసి, రిజిస్ట్రీని మార్చే రెజ్‌ఎడిట్‌లో లోకల్ మెషీన్ కింద సాఫ్ట్‌వేర్, పాలసీస్, గూగుల్, క్రోమ్ దాకా వెళ్ళి, ఎక్స్‌పోర్ట్ కొట్టి బ్యాకప్ పెట్టుకుని, ఆ ఫోర్స్‌లిస్ట్ కీ డిలీట్ చేశా. క్రోమ్ మళ్ళీ తెరిస్తే ఎక్స్‌టెన్షనూ లేదు, ఆర్గనైజేషనూ లేదు. ఎందుకైనా మంచిదని విండోస్ డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ కూడా పెట్టా.

కింద కుడి మూలన "మీ కంప్యూటర్‌లో వైరస్ ఉంది" అని వచ్చేవి మాత్రం ఇంకా ఆగలేదు, అవి వేరే గొడవ, ఏదో సైట్‌కి నోటిఫికేషన్ అలౌ కొట్టారు. సైట్ సెట్టింగ్స్‌లో నోటిఫికేషన్స్‌కి వెళ్ళి ముక్కూ మొహం తెలియని సైట్లన్నీ తీసేస్తే ఆగాయి.

నాన్నగారికి అసలు కావాల్సింది తెలుగు టైపింగ్. స్టోర్‌లో అలాంటి ఎక్స్‌టెన్షన్లు ఉన్నాయి కానీ "అన్ని వెబ్‌సైట్లలో మీ డేటా చదవడానికి, మార్చడానికి" అనుమతి అడుగుతాయి. టైపింగ్‌కి అది అవసరమే, కాదనను, కానీ బ్యాంకు పేజీ కూడా అందులోకే వస్తుంది కదా. విండోస్‌లోనే 2019 మే అప్‌డేట్ నుంచి ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే తెలుగు వచ్చే తెలుగు ఫొనెటిక్ కీబోర్డ్ ఉంది, లాంగ్వేజ్ సెట్టింగ్స్‌లో అదే కలిపా, ఎక్స్‌టెన్షన్ జోలికే పోలేదు.

అప్‌డేట్ సంగతి ఏంటంటే, క్రోమ్‌ది అబౌట్ పేజీ తెరిస్తే అదే వెతుక్కుంటుంది, రీలాంచ్ కొడితే చాలు. ఎక్స్‌టెన్షన్లు వాటంతటవే అప్‌డేట్ అవుతాయి, అందులో ఒక చిక్కుంది. ద గ్రేట్ సస్పెండర్ అని లక్షల మంది వాడిన ఎక్స్‌టెన్షన్ 2020లో చేతులు మారింది, 2021 ఫిబ్రవరిలో మాల్‌వేర్ ఉందని గూగుల్ తీసేసింది. అందుకే ఆయన దగ్గర యాడ్ బ్లాకర్ ఒక్కటే ఉంచా. అప్‌డేట్‌లో కొత్త అనుమతి ఏదైనా కావాల్సొస్తే క్రోమ్ ఆ ఎక్స్‌టెన్షన్‌ని ఆపి మనల్ని అడుగుతుంది, అలా అడిగితే నొక్కకుండా నాకు ఫోన్ చెయ్యమని చెప్పా.

చివరికి ఆయన అకౌంట్‌ని స్టాండర్డ్ యూజర్‌గా మార్చేశా, లోకల్ మెషీన్ కింద రాయాలంటే అడ్మిన్ పాస్‌వర్డ్ కావాలి, అది నా దగ్గరుంది. "నా కంప్యూటర్‌కి నువ్వు తాళం వేస్తావా" అని కాస్త గొణిగారు. ఇప్పటిదాకా ఆ పాస్‌వర్డ్ కోసం ఫోన్ చేసింది ప్రింటర్ డ్రైవర్ కోసమే.