దుబాయ్ వెళ్ళేటప్పుడు నాలుగు గంటలు, వచ్చేటప్పుడు మూడున్నరే

అన్నయ్య వాళ్ళ దగ్గరికి దుబాయ్ వెళ్ళొచ్చా, హైదరాబాద్ నుంచి సుమారు 2,500 కిలోమీటర్లు, పోయేటప్పుడు దాదాపు నాలుగు గంటలు పట్టింది, వచ్చేటప్పుడు మూడున్నర కూడా పట్టలేదు. దారి అదే కదా మరి టైం ఎట్లా తగ్గింది అని అమ్మ అడిగింది, మంచి ప్రశ్నే. పైన పది పన్నెండు కిలోమీటర్ల ఎత్తులో పడమర నుంచి తూర్పుకి జెట్ స్ట్రీమ్ అని గట్టి గాలి వీస్తుంది, చలికాలంలో మన ఉత్తర భారతం మీదుగా ఇంకా జోరుగా ఉంటుంది. వెళ్ళేటప్పుడు అది ఎదురొస్తుంది, వచ్చేటప్పుడు వెనక నుంచి తోస్తుంది. సీటు ముందు స్క్రీన్లో మ్యాప్ పెట్టుకుని కూర్చున్నా, తిరుగు ప్రయాణంలో స్పీడు గంటకి వెయ్యి కిలోమీటర్లు దాటేసరికి భలే సంతోషమేసింది, సినిమా చూడాలనే అనిపించలేదు.

గడియారం లెక్క మాత్రం ఉల్టా, వాళ్ళు మనకన్నా గంటన్నర వెనక. ఇక్కడ పొద్దున పదింటికి ఎక్కితే అక్కడ పన్నెండున్నరకే దిగుతాం, అక్కడ రాత్రి పదింటికి బయల్దేరితే శంషాబాద్‌లో దిగేసరికి తెల్లవారుజాము మూడు. అందుకే ఎయిర్‌పోర్టుకి వచ్చేవాళ్ళకి టైంతో పాటు తారీఖు కూడా చెప్పండి.