తల ఊపిండంటే సమజైనట్టు కాదు

దుబాయ్ల బిల్డింగ్ సైట్ మీద ఫోర్‌మన్ అంటే పని వస్తే సాలనుకుంటరు మనోళ్లు, కానీ సగం పని నోటితోనే. మా గ్యాంగుల జగిత్యాల, నిజామాబాద్ దిక్కోళ్లతో పాటు బిహారోళ్లు, నేపాలోళ్లు, బంగ్లాదేశోళ్లు, పఠాన్లు ఉంటరు. అందరికి నడిచేది హిందీనే, ఎవలి యాస వాళ్లది, నడుమ యల్లా, ఖలాస్ అని రెండు అరబీ ముక్కలు.

పొద్దుగాల టూల్‌బాక్స్ టాక్ల, అంటే పని మొదలువెట్టే ముందు జాగ్రత్తలు చెప్పే మీటింగుల, సేఫ్టీ ఆఫీసర్ ఇంగ్లీషుల గడగడ చదివి "ఓకే?" అంటడు, అందరు తల ఊపుతరు. పదిమందిల నవ్వుతరేమో, ఎక్కువ అడిగితే ఇంటికి పంపుతరేమో అని భయం, ఏజెంటుకు కట్టిన అప్పు నెత్తి మీద ఉన్నోడు నాకు సమజ్ కాలే అని ఎట్లంటడు చెప్పుండ్రి. అందుకే సమజైందా అని అడుగుడే బంద్ చేసిన. "స్కఫోల్డింగ్‌కు ఎర్ర ట్యాగ్ కనపడితే ఏం జేస్తవ్ భాయ్" అని అడుగుత, స్కఫోల్డింగ్ అంటే ఎత్తుల పని చేసేతందుకు కట్టే పైపుల మంచె. ఒకడు ఎక్కద్దు అంటడు, అదే కరెక్టు, ఇంకోడు మెల్లగ ఎక్కాలె అంటడు! ఇద్దరు తల ఊపినోళ్లే మల్ల.

క్రేన్ కాడ పద్ధతి బాగుంటది. ఆపరేటర్‌కు సైగ చేసేటోడు ఒక్కడే, పదిమంది చేతులూపితే వాడు ఎవని దిక్కు చూడాలె? కానీ ఆపుమనే సైగ మాత్రం ఎవలిచ్చినా ఆపాల్సిందే, నిన్న దిగిన హెల్పర్ ఇచ్చినా సరే. ఏసీల కూసోని కమ్యూనికేషన్ క్లాసులు చెప్పేటోళ్ల కన్న ఈ క్రేనోళ్లే నయం అనిపిస్తది నాకైతే.

ఎండకాలం ఇంకో తిప్పలు. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాక పగటీలి 12:30 నుంచి 3 గంటల దాక ఎండల పని బంద్, గవర్నమెంట్ రూలు, కానీ మిగిలిన టైంల గూడ అందరి బుర్ర వేడి మీదనే ఉంటది. అప్పుడు ఒకన్ని నలుగుట్ల తిట్టినవనుకో, ఆనాటి సంది వాడు ఏదీ చెప్పడు, క్లాంపు లూజున్నా చెప్పడు. పక్కకు పిలిచి, నీళ్లు తాగనిచ్చి, ఏమైందిరా అని అడిగి ఆగాలె. ఆ ఆగుడే కష్టం, వాడు నోరు తెరవకముందే మనమే మొదలువెడ్తం.

మొన్న ఆర్మూర్ దిక్కు నుంచి కొత్తగ వచ్చిన పిల్లగాడు, హిందీ అంతంతే, ఆఫీసర్ ముంగటనే "అన్నా, ఇంకోపారి చెప్పవా" అని నన్ను అడిగిండు. చెప్పిన. చూస్తే ఎనకున్న నేపాలోళ్లు గూడ దగ్గరికి జరిగి ఇంటున్నరు. ఇప్పుడు టాక్ రోజూ లేటైతుందని ఇంజనీర్ గులుగుతుండు, గులుగనీ.