పిన్ని డిపాజిట్లు, మిల్లు లెక్క

ఆదివారం, రాత్రి 10 గంటలు

మధ్యాహ్నం భోజనాలయ్యాక పిన్ని వచ్చింది. చేతిలో ప్లాస్టిక్ కవరు. అందులో రెండు ఎఫ్‌డీ బాండ్లు, నాలుగు మూలలా పసుపు రాసి ఉన్నాయి. బాబాయి పోయాక వచ్చిన డబ్బంతా అదే. "ఈ బ్యాంకు మంచిదేనేటి నాన్నా? లెక్కలు నీకు తెలుసు కదా, ఓసారి సూడు" అంది. పక్కింటావిడ ఏదో అందట, రెండు రాత్రులుగా నిద్ర లేదట.

నేను ఇక్కడే విజయనగరంలో ఒక రైసు మిల్లుకి పద్దులు రాస్తాను. ఏటా సీసీ (వ్యాపారం నడపడానికి బ్యాంకు ఇచ్చే క్యాష్ క్రెడిట్ అప్పు) రెన్యువల్‌కి వెళ్తే బ్యాంకు వాళ్లు ముందుగా చూసేది కరెంట్ రేషియోనే. ధాన్యం, బియ్యం నిల్వ, రావలసిన బాకీలు, నగదు అన్నీ కూడి, ఏడాదిలోపు తీర్చాల్సిన అప్పులతో భాగిస్తే 1.33 రావాలి. అదే కొలతతో వాళ్లనీ కొలుద్దామని ఫోనులో ఆ బ్యాంకు వార్షిక నివేదిక తెరిచాను.

నగదు, రిజర్వు బ్యాంకు దగ్గర ఉన్నది, ఇతర బ్యాంకుల్లో ఉన్నది కూడి డిపాజిట్లతో భాగించాను. 0.1 కూడా రాలేదు. గుండె ఝల్లుమంది. పిన్ని నా మొహమే చూస్తోంది.

మళ్లీ మొదటి నుంచి చదివితే తప్పెక్కడో తెలిసింది. బ్యాంకు ఆస్తి అప్పుల పట్టికలో కరెంట్ ఆస్తులు, అంటే ఏడాదిలోపు డబ్బయ్యేవి, అనే పద్దే లేదు. బ్యాంకులు 1949 బ్యాంకింగ్ నియంత్రణ చట్టంలోని నమూనాలో రాస్తాయి. మనం వేసిన డబ్బు వాళ్లకి అప్పు, మనకిచ్చిన లోను వాళ్లకి ఆస్తి. ఎప్పుడడిగితే అప్పుడు ఇవ్వాల్సిన సేవింగ్స్ డబ్బు తీసుకుని ఇరవై ఏళ్ల ఇంటి లోను ఇవ్వడమే వాళ్ల వ్యాపారం. అందరూ ఒకేరోజు రారన్న నమ్మకం మీదే అది నడుస్తుంది. వస్తే? 2023 మార్చిలో అమెరికాలో సిలికాన్ వ్యాలీ బ్యాంకు నుంచి ఒక్కరోజులో 4,200 కోట్ల డాలర్లు తీసుకోవాలని చూశారు. మర్నాడే అది మూతపడింది.

అందుకే బ్యాంకుకి చూడాల్సింది ఎల్‌సీఆర్ (లిక్విడిటీ కవరేజ్ రేషియో). 30 రోజుల గడ్డుకాలంలో బయటికి పోయే డబ్బుకి సరిపడా నగదు, వెంటనే అమ్ముడుపోయే ప్రభుత్వ బాండ్లు ఉన్నాయా అన్న లెక్క అది. మన దేశంలో 2019 జనవరి నుంచి వాణిజ్య బ్యాంకులకి 100 శాతం ఉండి తీరాలి. ఈ బ్యాంకుకి అంతకు మించే ఉంది. వెనక పేజీల్లో ఏ డబ్బు ఎన్నాళ్లలో రావాలో, ఎన్నాళ్లలో పోవాలో కూడా పట్టిక వేశారు. మొదటి వరుస ఒక్క రోజుది. ఆ పట్టిక దగ్గర చాలాసేపు ఆగాను.

అయినా పిన్నికి కావలసింది ఇదంతా కాదు. కోట దగ్గర బ్రాంచిలో 4 లక్షలు, కంటోన్మెంట్ బ్రాంచిలో 3 లక్షలు వేసింది, రెండు చోట్లయితే భద్రమని. బ్రాంచీలు వేరైనా బ్యాంకు ఒక్కటే. బ్యాంకు మూతపడితే వచ్చే డిపాజిట్ బీమా ఒక మనిషికి ఒక బ్యాంకులో మొత్తం 5 లక్షలే, 2020 ఫిబ్రవరి నుంచి. అంతకుముందు లక్షే. చిన్నది వచ్చే నెల గడువు తీరుతుంది, అది తీసి పోస్టాఫీసులో వేద్దామన్నాను. సరేనంది.

గుమ్మం దాకా వెళ్లి ఆగింది. "మరి వడ్డీ?"

అసలూ వడ్డీ కలిపే 5 లక్షలు పిన్నీ, అన్నాను. ఆ 4 లక్షలు గడువు నాటికి ఎంతవుతాయో రేపు లెక్క కట్టి చెప్పాలి.