మౌస్ ఉండీ లేనట్టే: 500 శాతం స్క్రీన్‌తో నా అనుభవం

అక్షరాలు ఆనడం లేదని నాన్నగారు విండోస్ 10 సెట్టింగ్స్‌లోకి వెళ్లి, తెరమీద అన్నీ ఎంత పెద్దగా కనిపించాలో శాతంలో చెప్పే కస్టమ్ స్కేలింగ్ దగ్గర 500 కొట్టారు. 100 నుంచి 500 దాకా ఏదైనా ఇవ్వొచ్చని అక్కడే రాసి ఉంటుంది మరి! సైన్ అవుట్ అయి మళ్లీ లోపలికి వస్తే ఐకాన్లు అరచేయంత. సెట్టింగ్స్ తెరిస్తే పైమూల ఒక్కటే కనిపిస్తుంది, మార్చాల్సిన బటన్ స్క్రీన్ అవతలెక్కడో. రెజల్యూషన్ మారిస్తే 15 సెకన్లలో మనం ఔననకపోతే పాతదే వచ్చేస్తుంది. స్కేలింగ్‌కి ఆ దయ లేదు.

రిపేర్ షాపుకి ఫోన్ చేస్తే "ఫార్మాట్ కొట్టాలి సార్" అన్నాడు. వాళ్లకి జలుబుకీ ఫార్మాటే, జ్వరానికీ ఫార్మాటే. దయచేసి వినకండి.

విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బి కీలు కలిపి నొక్కాను. బీప్‌మని, తెరమీద బొమ్మను నడిపే గ్రాఫిక్స్ డ్రైవర్ రీసెట్ అయింది. ఈ రోగానికి అది మందు కాదు.

అసలు సంగతి రిజిస్ట్రీలో, అంటే విండోస్ తన సెట్టింగులన్నీ దాచుకునే చోట ఉంది. కరెంట్ యూజర్ కింద కంట్రోల్ ప్యానెల్, దాని కింద డెస్క్‌టాప్, అందులో లాగ్‌పిక్సెల్స్ అనే విలువ. స్కేలింగ్ అంకె దాగేది అక్కడే. 100 శాతానికి 96, నాన్నగారి పుణ్యాన 480. కమాండ్లు కొట్టే రన్ బాక్స్‌లో రెగ్ డిలీట్ కమాండ్‌తో దాన్ని తీసేస్తే చాలు.

చాలు అనడం తేలికే. విండోస్, ఆర్ నొక్కితే వచ్చిన బాక్స్‌లో ముక్కే కనిపిస్తోంది. గుడ్డిగా కొట్టడం, ఎంటర్, ఎర్రర్. మళ్లీ కొట్టడం, మళ్లీ ఎర్రర్. పక్కన నాన్నగారు "నీకు కంప్యూటర్లు వచ్చన్నావుగా" అంటున్నారు. చివరికి విండోస్, కంట్రోల్, ఎంటర్ నొక్కి నారేటర్ ఆన్ చేశాను. కొట్టే ప్రతి అక్షరాన్నీ అది పైకి చదువుతుంటే తెలిసింది, రిజిస్ట్రీ చిరునామాలో (పాత్‌లో) ఖాళీలున్నప్పుడు పెట్టాల్సిన కొటేషన్ మార్కు రావడం లేదు. ఎడమవైపు షిఫ్ట్ కీ సరిగ్గా పనిచేయడం లేదు! కుడివైపు షిఫ్ట్ వాడాను. నల్ల విండో ఒకటి మెరిసి మాయమైంది.

ఆ తర్వాత విండోస్, ఎక్స్ కలిపి నొక్కి, వదిలి యు, ఐ. సైన్ అవుట్. మళ్లీ లోపలికి వస్తే అన్నీ మామూలే.

అక్షరాలు మాత్రమే పెద్దవి కావాలంటే ఈజ్ ఆఫ్ యాక్సెస్‌లో టెక్స్ట్ సైజ్ స్లైడర్ వేరే ఉంది. అది పెంచి ఇచ్చాను. ఇంకొంచెం, ఇంకొంచెం అంటున్నారు నాన్నగారు. పెంచుకోనివ్వండి, అది 225 శాతం దాటదు.