నొప్పి లేదని వదిలేయకండి

మా బాబాయికి మూత్రం ఎర్రగా రావడం, తగ్గడం, మళ్ళీ రావడం. నొప్పి మాత్రం లేదు. ‘వేడి చేసిందిలే’ అని బార్లీ నీళ్ళు తాగేవాడు. నొప్పి లేకుండా రక్తం పడితే ఇంకా జాగ్రత్తపడాలని యూరాలజిస్టు చెప్పారు. ఇన్ఫెక్షన్, రాళ్ళు, ప్రోస్టేట్ పెరగడం, కిడ్నీ వడపోతలో లోపం, వీటిలో ఏదైనా కారణం కావచ్చు. కానీ 40 దాటినవాళ్ళకి, ముఖ్యంగా బీడీ సిగరెట్లు తాగేవాళ్ళకి, మూత్రాశయ క్యాన్సర్ లేదని తేల్చుకోవాల్సిందే. స్కాన్ తర్వాత సిస్టోస్కోపీ చేశారు, అంటే మూత్రనాళంలోంచి సన్నటి కెమెరా గొట్టం పంపి చూడటం. బాబాయి చాలా టెన్షన్ పడ్డాడు పాపం. చిన్న గడ్డ, తొలిదశలోనే దొరికింది, తీసేశారు.

బీట్‌రూట్ తిన్నా, టీబీ మందు రిఫాంపిసిన్ వేసుకున్నా మూత్రం రంగు మారుతుంది. అది రక్తమో కాదో మామూలు మూత్ర పరీక్షలోనే తెలుస్తుంది. రక్తం పలచబడే మందుల వల్లే అనుకుని కూడా ఆగిపోవద్దు, దయచేసి చూపించుకోండి.