గౌరామి గుడ్లు పెట్టింది

మధ్యాహ్నం వాన కాస్త తెరిపిచ్చాక చూస్తే, మా తొట్టిలోని హనీ గౌరామి అనే చిన్న రంగుచేపల్లో మగది అంతరతామర ఆకుల కింద గూడు కట్టేసి ఉంది. పైకొచ్చి గాలి పీల్చుకుని, నోట్లో జిగురు పట్టించి వదిలిన బుడగలు ఒకదాన్నొకటి అంటుకుని సగం అరచేయంత మేర తేలుతున్నాయి. ఫైటర్ చేప గూడు ఒత్తుగా ఉంటుంది. దీనిది పలుచన, ఆకు ఆసరా లేకపోతే చెదిరిపోతుంది. అంతరతామర మన కాలవల్లో దొరికేదే. వేర్లకి నత్తగుడ్లు లేకుండా కడిగి, కొన్నాళ్లు వేరే బకెట్లో ఉంచి అప్పుడు వేశాను.

దుకాణంలో ఈ చేప వైపు ఎవరూ చూడరు. తెల్లటి లైటు కింద, ఒక్క మొక్క కూడా లేని అద్దాల తొట్టిలో, ఆడా మగా ఒకేలా వెలిసిపోయి మూల నక్కి ఉంటాయి. మన చెరువుల్లో ఉండే గాజుచేప లాంటి వాటికి సూదితో రంగు ఎక్కించి అమ్మే పద్ధతి కూడా ఉంది. అలాంటి చేపల్ని చూస్తే నాకు కడుపు మండిపోతుంది. ఆ సూదిపోటు తట్టుకోలేక చచ్చేవి చస్తాయి, బతికిన వాటికీ ఆ రంగు కొన్నాళ్లకి పోతుంది. కొనేవాళ్లు మానేస్తే తప్ప అది ఆగదు. గౌరామికి ఎవరూ ఏ రంగూ వేయక్కర్లేదు. నాలుగు మొక్కలు, కాస్త నీడ, వెంటబడి తరిమే చేపలు లేని చోటు ఇస్తే చాలు, ఒంట్లో ఉన్న రంగంతా తనే బయటపెడుతుంది.

ఈ రోజు మగచేప పండు పసుపు దాటి నారింజలోకి వెళ్లింది. గొంతు నుంచి పొట్ట కింద దాకా నల్లటి నీలం. ఆడది మాత్రం లేత రంగులోనే ఉంది, కంటి నుంచి తోక దాకా ఒక గోధుమరంగు చార. ఫ్రాన్సిస్ హామిల్టన్ అనే ప్రకృతి శాస్త్రవేత్త 1822లో గంగా నది చేపల గురించి రాసినప్పుడు వీటిని రెండు వేర్వేరు జాతులనుకుని రెండు పేర్లు పెట్టాడు. పక్కపక్కన చూస్తే ఎవరైనా అలాగే అనుకుంటారు.

తొట్టిలో నీళ్లు జానెడు లోతుకి తగ్గించాను. గౌరామి గుడ్లలో నూనె ఉంటుంది కాబట్టి పైకి తేలతాయి, అయినా గూడు తప్పినవాటిని మగచేప వెతికి తెచ్చుకోవాలి. లోతు తక్కువైతే దానికి శ్రమ తక్కువ. ఎండిన బాదం ఆకు వేయడంతో నీళ్లు డికాషన్ రంగుకి తిరిగాయి. మా కాకినాడలో ఈ కాలంలో హీటర్ అవసరం లేదు, నీళ్లు వాటంతటవే 28 డిగ్రీల దగ్గర ఉంటాయి. స్పాంజ్ ఫిల్టర్‌కి గాలి బాగా తగ్గించాను. నీళ్లు కదిలితే గూడు నిలవదు.

పక్కింటి బాబు స్కూలు నుంచి రాగానే సరాసరి తొట్టి దగ్గరికే వచ్చాడు. అప్పటికి మగచేప ఆడదాని ముందు నిట్టనిలువుగా నిలబడి నల్లటి గొంతు చూపిస్తోంది. ఆడది గూటి కిందకి వచ్చింది, వెనక్కి పోయింది, మళ్లీ వచ్చింది. చివరికి మగచేప ఒళ్లు వంచి దాన్ని చుట్టేసింది. ఒక్క క్షణం రెండూ అలాగే ఆగిపోయాయి. విడిపోగానే తెల్లటి రేణువులు పైకి లేచాయి. మగచేప వాటిని నోట పట్టి తెచ్చి బుడగల్లోకి ఊదింది. కాసేపటికి మళ్లీ అదే వరస. దగ్గర దగ్గర సాయంత్రం దీపాలు పెట్టే వేళ దాకా సాగింది.

"మరి పిల్లల్ని వాళ్లమ్మ చూసుకోదా అక్కా?"

"వీటిల్లో నాన్నే చూసుకుంటాడురా."

వాడు నమ్మలేదు. ఇంతలో మగచేప ఆడదాన్ని గూటి దగ్గరికి రానివ్వకుండా తరమడం మొదలుపెట్టింది, అది చూసి నమ్మాడు. ఆడదాన్ని వల వేసి మెల్లగా పెద్ద తొట్టిలోకి మార్చాను. ఫైటర్ చేప అయితే ఈపాటికి రెక్కలు చీరేసేది. గౌరామిది ఉత్త అదిలింపే, కానీ చిన్న తొట్టిలో దాక్కోవడానికి చోటుండదు, అదీ ఇబ్బందే.

ఒకటి ఒకటిన్నర రోజులో గుడ్లు పొదుగుతాయి. పిల్లలు ఇంకో రెండు మూడు రోజులు గూటికి వేలాడుతూ, పొట్టలో ఉన్న పచ్చసొనతోనే గడుపుతాయి. ఈదడం మొదలుపెట్టాక మగచేపని కూడా తీసేయాలి. అసలు కష్టం అప్పుడు మొదలవుతుంది. నోరు ఎంత చిన్నదంటే, పొడి చేసిన మేత కూడా పట్టదు. కంటికి ఆనని సూక్ష్మజీవులు కావాలి. వాటి కోసం మందు కొట్టని వరిగడ్డి మరిగించి, ఆ నీళ్లలో తొట్టి నీళ్లు కాసిని కలిపి కిటికీలో పెట్టాను. మొదట పాలలా తిరిగి, వాసన వేసి, తర్వాత తేటపడుతుంది. తేటపడిందంటే ఇన్ఫ్యూసోరియా అనే ఆ సూక్ష్మజీవుల గుంపు పెరిగి బ్యాక్టీరియాని తినేసిందన్నమాట. అమ్మ ముక్కు మూసుకుంటూనే సీసాని ఎండ తగిలే వైపు జరిపింది.

చేపల తొట్టి మూత మాత్రం తీయనివ్వను. కొరమీనులాగే ఇవి కూడా పైకొచ్చి గాలి పీల్చే చేపలు. పిల్లలకి అలా గాలి పీల్చే అవయవం కొన్ని వారాలకి గానీ ఏర్పడదు. అప్పుడు నీటి మీద గాలి వెచ్చగా, తేమగా ఉండాలి. ఫ్యాను గాలి నేరుగా తగిలితే నష్టపోతాం.

రొయ్యల హేచరీలో పనిచేసే మా అన్నయ్యకి రాత్రి ఫోన్ చేశాను. ఆర్టీమియా అనే ఉప్పునీటి బుల్లి జీవి గుడ్ల డబ్బాలో అడుగున మిగిలింది తెస్తానన్నాడు. లీటరు నీళ్లకి 25 గ్రాముల ఉప్పు వేసి, గాలి గట్టిగా పెడితే రోజులో పొదుగుతుంది. పిల్లలు వారం పది రోజులు పెరిగాక అదే వాటికి మంచి మేత. పంపుకి ఇంకో గొట్టం కొనాలి.

పక్కింటి బాబు అప్పుడే తనకి ఒక చేప కావాలని అడిగాడు. ఎదిగాక ఒకటి కాదు, ఆరు ఇస్తానన్నాను, ముందు వాళ్ల నాన్నతో చెప్పి మూత ఉన్న తొట్టి, మొక్కలు సిద్ధం చేసుకుంటేనే. గాజు గిన్నెలో పెట్టుకుంటామనే వాళ్లకి మాత్రం ఒక్కటి కూడా ఇచ్చేది లేదు.