అమ్మ చెయ్యి ఎక్కడ ఆనుతుందో అక్కడే రాడ్

అమ్మకు 76 ఏళ్లు. నాన్న పోయాక మా దగ్గరికి వచ్చేయమంటే రానంది. "నా పనులు నేను చేసుకోగలను. పడిపోకుండా ఇల్లు సర్దిపెట్టు, చాలు" అంది. ఆ మాట పట్టుకుని పని మొదలుపెట్టాను. అంతా అయ్యేసరికి మూడు నెలలు పట్టింది.

ముందు బాగా చదివాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో పెద్దవాళ్లకు అనువైన నగరాల గురించి ఒక గైడ్ తెచ్చింది. అందులో ఇల్లు కూడా ఒక ముఖ్యమైన అంశం. 33 నగరాల్లో పెద్దవాళ్లనే అడిగి దాన్ని తయారుచేశారు. నేను మాత్రం అమ్మను అడగకుండానే ప్లాన్ గీసేశాను. కమోడ్‌కి కుడివైపు గ్రాబ్ బార్, అంటే పట్టుకుని లేవడానికి గోడకి బిగించే రాడ్, అని రాసుకున్నాను.

రెండు రోజులు ఆ ఇంట్లో ఉన్నాక తప్పు తెలిసింది. బాత్రూమ్ తలుపు పక్కన గోడ మీద అరచేయంత మేర రంగు నల్లబడి ఉంది. అమ్మ రోజూ చెయ్యి ఆనించే చోటు అది. లోపల టవల్ రాడ్ ఒక పక్క ఊడి వేలాడుతోంది. లేచేటప్పుడు దాన్నే పట్టుకుంటోందట! కుడి భుజం నొప్పి కాబట్టి ఎడమ చేతి మీదే భారం వేస్తోంది. నేను రాడ్ గీసిందేమో కుడివైపు.

అప్పుడు అమ్మ చేతికి సుద్దముక్క ఇచ్చాను. "మామూలుగా తిరుగు, చెయ్యి ఎక్కడ పడితే అక్కడ గీత పెట్టు" అన్నాను. మంచం నుంచి బాత్రూమ్ దాకా, వంటింట్లో, మెట్ల దగ్గర గీతలు పడ్డాయి. గ్రాబ్ బార్ నేల నుంచి 33-36 అంగుళాల ఎత్తులో ఉండాలని అమెరికా ప్రమాణాల్లో ఉంటుంది. అమ్మ పొట్టి మనిషి, గీత 31 దగ్గర పడింది. 31 దగ్గరే పెట్టించాను. అది 113 కిలోల బరువుకైనా ఆగాలి. అందుకే టైల్‌కి మాత్రమే స్క్రూ బిగిస్తానని పనివాడు అంటే ఒప్పుకోకుండా లోపలి ఇటుక గోడ దాకా దింపించాను. బిగించాక నా బరువంతా వేసి లాగి చూశాను.

బాత్రూమ్ తలుపు విషయంలో చాలా వాదన జరిగింది. అది లోపలికి తెరుచుకునేది. లోపల మనిషి తలుపుకి అడ్డంగా పడిపోతే బయటినుంచి తెరవడం కష్టం. అందుకే బయటికి తెరుచుకునేలా మార్పించి, బయటినుంచి కూడా తీయగలిగే గడియ పెట్టించాను. వెడల్పు కూడా పెంచాను, తలుపు తీశాక కనీసం 32 అంగుళాల దారి ఉండేలా. "అమ్మ నడుస్తోంది కదా, వీల్‌చైర్ లెక్కలెందుకు" అన్నాడు తమ్ముడు. వాకర్ వాడాల్సి వచ్చినా ఆ వెడల్పు కావాలి. అవసరం వచ్చాక గోడ పగలగొట్టడం ఎంత టెన్షనో!

గుమ్మం ముందు ఆరు అంగుళాల మెట్టుకి మేస్త్రీ మూడు అడుగుల ర్యాంప్ పోసేశాడు. అమ్మ దిగుతుంటే ఒళ్లు ముందుకు తూలింది. అంగుళం ఎత్తుకి అడుగు పొడవు అనే లెక్కన ఆరు అడుగులు కావాలి. పగలగొట్టి మళ్లీ పోయించాను.

వెలుతురు విషయంలోనూ తడబడ్డాను. అరవై దాటిన కంటి లోపలికి చేరే వెలుగు, ఇరవై ఏళ్ల కంటితో పోలిస్తే సుమారు మూడో వంతే. అలాగని ఒకే పెద్ద లైటు పెడితే నున్నటి టైల్స్ మీద మెరిసి అమ్మ కళ్లు మూసుకుంది. దాన్ని తీసేసి, చిన్న లైట్లు నాలుగు చోట్ల, మంచం దిగి నేల మీద అడుగు పెట్టగానే వెలిగేది మంచం కింద ఒకటి పెట్టించాను. తెల్ల టైల్స్ మధ్య తెల్ల కమోడ్ అంచు కనపడట్లేదంటే ముదురు నీలం సీటు వేయించాం.

ఎమర్జెన్సీ బటన్ మెడలో వేసుకోనంది. "రోగిలా అనిపిస్తుంది" అంది. బలవంతం చేయలేదు. బాత్రూమ్‌లో, మంచం పక్కన గోడకి బెల్ స్విచ్‌లు పెట్టించాను, నేలకి అడుగు ఎత్తులోనే. పడ్డ మనిషికి నిలబడి నొక్కే స్విచ్ అందదు కదా. నేల మీద పడుకుని చెయ్యి చాపి చూసుకున్నాకే ఆ ఎత్తు ఖాయం చేశాను.

పోయిన వారం అమ్మ ఫోన్ చేసింది. తాళం తీసేటప్పుడు చేతిలో సంచి పెట్టుకోవడానికి గుమ్మం పక్కన చిన్న అర కావాలట. "ఎక్కడ కావాలో సుద్దతో గీసి ఉంచాను. వచ్చినప్పుడు కొలుచుకో" అంది.